కట్టేసిన కంప్యూటర్ రాత్రి రెండింటికి బ్యాకప్ తీయదు

ప్రశ్న: మాది చిన్న పట్టణంలోని డిగ్రీ కళాశాల. గ్రంథాలయంలో ఉబుంటు లినక్స్ వేసిన కంప్యూటర్ ఒకటి ఉంది. పుస్తకాల జాబితా, ఇచ్చినవి తీసుకున్నవి అన్నీ కోహా అనే గ్రంథాలయ ప్రోగ్రామ్‌లో నడుస్తాయి. పాత ప్రశ్నపత్రాలు, కళాశాల వార్షిక సంచికలు, దాతలిచ్చిన పాత పత్రికలు స్కాన్ చేసి అదే కంప్యూటర్‌లో ఒక డైరెక్టరీలో పెట్టాం. అది దాదాపు 180 జీబీ ఉంటుంది. మూడు నెలల క్రితం మా పూర్వ విద్యార్థి ఒకరు పంపిన వాక్యాన్ని క్రాన్‌ట్యాబ్‌లో, అంటే ఏ వేళకు ఏ పని నడవాలో రాసే పట్టికలో, అతికించాను. ఆ వాక్యాన్ని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. రోజూ రాత్రి రెండు గంటలకు ఆ డైరెక్టరీని టార్ చేసి (ఒకే మూట ఫైలుగా కట్టి), ఆనాటి తేదీతో పేరు పెట్టి, 2 టీబీ యూఎస్‌బీ డిస్కులో దాచాలి. నిన్న చూస్తే డిస్కు ఖాళీగా ఉంది. తప్పు జరిగినట్టు ఎక్కడా సందేశం కూడా రాలేదు. సాయంత్రం అయిదింటికి అటెండరు కంప్యూటర్ కట్టేసి గదికి తాళం వేస్తాడు. ఎక్కడ పొరపాటు జరిగింది? సరిగ్గా ఎలా పెట్టుకోవాలి? ఎన్ని రోజుల నకళ్లు ఉంచాలి? టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ వేస్తే చాలని ఒకరు అంటున్నారు. ఏడాదికి ఇంతని కడితే తామే చూసుకుంటామని ఒక విక్రేత అంటున్నారు.
— ఒక గ్రంథపాలకురాలు

సమాధానం: అటెండరు గురించి మీరు మాటవరసకు రాసిన వాక్యంలోనే సగం జవాబు ఉంది. అయిదింటికి కట్టేసే యంత్రానికి రాత్రి రెండింటి పని అప్పగించారు. ఆ పట్టికను నడిపే క్రాన్ అనే ప్రోగ్రామ్ ప్రతి నిమిషం ఒకసారి లేచి, ఈ నిమిషానికి రాసి ఉన్న పని ఏదైనా ఉందా అని చూస్తుంది. ఉంటే చేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. జరిగిపోయిన నిమిషాల లెక్క దానికి లేదు. రెండు గంటలప్పుడు యంత్రం ఆగి ఉంటే ఆ పని ఆ రోజుకు పోయినట్టే. పొద్దున తెరిచాక పాత బాకీ తీర్చడం దాని స్వభావంలో లేదు. ఈ రాత్రి రెండు గంటల అలవాటు ఇరవై నాలుగు గంటలూ నడిచే సర్వర్ల నుంచి వచ్చింది. అక్కడ ఆ వేళ రద్దీ తక్కువ. ఆ వాక్యమే నోటు పుస్తకం నుంచి నోటు పుస్తకానికి ఎక్కి మీ గ్రంథాలయం దాకా వచ్చింది.

అయితే ఆ యంత్రాన్ని రాత్రంతా నడవనిచ్చినా మీకు ఒక్క ఫైలు కూడా దక్కేది కాదు. మీరు పంపిన వాక్యంలో తేదీ కోసం శాతం గుర్తులు వాడారు. సంవత్సరం, నెల, రోజు అడగడానికి డేట్ కమాండుకు ఆ గుర్తులు కావలసిందే. కానీ క్రాన్‌ట్యాబ్‌లో శాతం గుర్తుకు వేరే అర్థం ఉంది. మొదటి శాతం గుర్తు దగ్గర కమాండు అయిపోయిందని క్రాన్ అనుకుంటుంది. తర్వాతి భాగాన్ని ఆ కమాండుకు అందించాల్సిన పాఠంగా తీసుకుంటుంది. అంటే కమాండులు నడిపే షెల్ చేతికి తెగిపోయిన సగం వాక్యమే వెళ్లింది. తెరిచిన కుండలీకరణం మూయలేదని అది గొణిగి వదిలేసింది. ఇదే వాక్యాన్ని టెర్మినల్‌లో కొట్టి చూస్తే చక్కగా పనిచేస్తుంది. అందుకే ఈ తప్పు పట్టుకోవడం కష్టం. ప్రతి శాతం గుర్తుకు ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెడితే సరిపోతుంది. అంతకంటే మంచి పద్ధతి, పనంతా ఒక స్క్రిప్టులో రాసి, క్రాన్‌ట్యాబ్‌లో ఆ స్క్రిప్టు పేరు మాత్రమే ఉంచడం.

మరి ఆ గొణుగుడు మీకెందుకు వినపడలేదు? పని చేస్తున్నప్పుడు వచ్చిన సందేశాలను క్రాన్ ఆ ఖాతాదారుకు స్థానికంగా ఈమెయిల్ చేస్తుంది. పాత యూనిక్స్ కాలంలో, అందరూ ఒకే యంత్రంలోకి లాగిన్ అయ్యే రోజుల్లో, అది చక్కని ఏర్పాటే. ఇప్పటి ఉబుంటు డెస్క్‌టాప్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామ్ ఉండదు. మధ్యాహ్నం పూట ఆ వాక్యాన్ని ఒకసారి నడిచేలా పెట్టి, యంత్రం తన పనులు నమోదు చేసుకునే సిస్‌లాగ్‌లో క్రాన్ అన్న పేరు వెతకండి. మెయిల్ పంపే ఏర్పాటు లేదు, కాబట్టి వచ్చిన సందేశాన్ని పారేస్తున్నాను అనే అర్థంలో ఒక వరుస కనిపిస్తుంది. తప్పేమిటో యంత్రానికి తెలిసింది, చెప్పడానికి మనిషి దొరకలేదు.

మూడో తప్పు డిస్కు దగ్గర ఉంది. యూఎస్‌బీ డిస్కు మీడియా డైరెక్టరీ కింద మీ పేరుతో కనిపిస్తోందంటే, మీరు డెస్క్‌టాప్‌లోకి లాగిన్ అయినప్పుడు అది దానంతట అదే అతుక్కుంటోందని అర్థం. ఎవరూ లాగిన్ కాని వేళ ఆ దారి ఉండదు. ఒక రకంగా ఇది మీ అదృష్టం. దారి లేకపోతే టార్ ఆగిపోతుంది, అంతే. కొందరు ఎమ్ఎన్‌టీ అనే డైరెక్టరీ కింద ఖాళీ డైరెక్టరీ ఒకటి చేసి డిస్కును అక్కడ అతికిస్తారు. ఏదో ఒక రోజు డిస్కు ఊడిపోతుంది, ఖాళీ డైరెక్టరీ మాత్రం ఉంటుంది. బ్యాకప్ నిక్షేపంగా దానిలోకే, అంటే కంప్యూటర్ సొంత డిస్కులోకే రాసుకుంటూ పోతుంది. 180 జీబీ రాసేసరికి రూట్ విభాగం నిండి, కోహా పుస్తకాలు ఇవ్వడం మానేస్తుంది. బ్యాకప్ వల్ల అసలుకే మోసం వచ్చే దారుల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే.

ఇక సరిగ్గా పెట్టుకోవడం. ముందు డిస్కు సంగతి చూద్దాం. దుకాణంలో కొన్న డిస్కు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉంటుంది. లినక్స్ ఫైళ్ల యజమాని, అనుమతుల వివరాలు ఎక్స్‌ఫ్యాట్‌లో నిలవవు. కింద చెప్పబోయే హార్డ్ లింకులూ అందులో కుదరవు. మీ డిస్కు ఎటూ ఖాళీగా ఉంది కనుక దాన్ని లినక్స్ సొంత పద్ధతి ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేయించండి. తర్వాత ఏ డిస్కు ఎక్కడ అతకాలో రాసే ఎఫ్‌స్ట్యాబ్ ఫైలులో దాని యూయూఐడీతో (ఆ డిస్కుకే ఉండే గుర్తింపు సంఖ్యతో) ఒక వరుస రాసి, శాశ్వతంగా ఒకే చోట అతుక్కునేలా చూడండి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లు వాడవద్దు. ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చిన రోజు అవి తారుమారు కావచ్చు. ఆ వరుసలో నోఫెయిల్ అన్న మాట మరవకండి. అది లేకుండా డిస్కు ఊడదీసి కంప్యూటర్ తెరిస్తే, ఉబుంటు మామూలు తెరకు రాకుండా ఎమర్జెన్సీ మోడ్ అంటూ నల్ల తెర దగ్గర ఆగిపోతుంది. పొద్దున్నే విద్యార్థులు వరుసలో నిలబడి ఉండగా ఆ తెర చూడాలని ఎవరికీ ఉండదు.

తర్వాత టార్. మీ పనికి ఇది సరైన పనిముట్టు కాదని నా అభిప్రాయం. పేరులోనే ఉన్నట్టు అది టేపుల కోసం పుట్టింది, మొత్తాన్ని ఒకే మూటగా కడుతుంది. మీ 180 జీబీలో చాలా భాగం పీడీఎఫ్‌లు, జేపెగ్‌లు. అవి ఇప్పటికే కుదించి ఉన్నవి. జీజిప్ వాటిని ఇంకోసారి పిండితే ప్రాసెసర్ వేడెక్కడం తప్ప పెద్దగా మిగిలేది ఉండదు. పైగా రోజుకు 180 జీబీ చొప్పున 2 టీబీ డిస్కు పదకొండు రోజుల్లో నిండిపోతుంది. నిన్న మీరు చేర్చింది నాలుగు ప్రశ్నపత్రాలే కావచ్చు, మూట మాత్రం ప్రతి రోజూ మొత్తం కట్టాలి.

ఆర్‌సింక్ వాడండి. 1996లో ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ రాసిన ప్రోగ్రామ్ ఇది. మారిన ఫైళ్లు ఏవో చూసి వాటినే కాపీ చేస్తుంది. దానిలో లింక్‌డెస్ట్ అనే ఐచ్ఛికం ఉంది. మీ అవసరానికి అదే ప్రాణం. కొత్త నకలు తీసేటప్పుడు నిన్నటి నకలు ఉన్న డైరెక్టరీని దానికి చూపిస్తే, మారని ఫైళ్లను మళ్లీ కాపీ చేయకుండా పాతవాటికే హార్డ్ లింకు, అంటే అదే ఫైలుకు ఇంకో పేరు, పెడుతుంది. ఫలితంగా ప్రతి తేదీ డైరెక్టరీ తెరిచి చూస్తే మొత్తం 180 జీబీ అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. డిస్కు మీద ఖర్చయ్యేది ఆ రోజు చేరిన కొత్త ఫైళ్ల చోటు మాత్రమే. మూడు వారాల కిందటి ఒక పత్రిక సంచిక కావాలంటే ఆ తేదీ డైరెక్టరీలోకి వెళ్లి మామూలు ఫైలులా తీసుకోవచ్చు. మూట విప్పే పని లేదు. రోజుకు ఒక జీబీ కొత్త స్కాన్లు చేరాయనుకున్నా ఏడాదికి 365 జీబీ. మొదటి 180 కలిపినా మీ డిస్కులో సగానికి పైగా మిగులుతుంది.

దీనితో రెండు జాగ్రత్తలు. స్కాన్ల డైరెక్టరీలో ఒక పెద్ద ఫోల్డరు పేరు మారిస్తే ఆర్‌సింక్ దృష్టిలో అది కొత్త ఫోల్డరే. లోపలిదంతా మళ్లీ కాపీ అవుతుంది. పేర్లు మార్చే సరదాలు ముందే తీర్చుకోండి. రెండోది, నకళ్ల డిస్కులోకి వెళ్లి ఏ ఫైలునూ దిద్దవద్దు. హార్డ్ లింకు కనుక ఒక తేదీలో దిద్దితే అన్ని తేదీల్లోనూ మారిపోతుంది. కావలసింది బయటికి కాపీ చేసుకుని దిద్దుకోండి. ఇంకో చిన్న సంగతి. మూల డైరెక్టరీ పేరు చివర స్లాష్ పెడితే ఆర్‌సింక్ లోపలి సరుకును కాపీ చేస్తుంది, పెట్టకపోతే ఆ డైరెక్టరీనే తీసుకెళ్లి లోపల ఇంకో అంతస్తు కడుతుంది. ఒక రోజు పెట్టి ఒక రోజు మానేస్తే లింకులన్నీ తప్పుతాయి.

స్క్రిప్టు ఇలా నడవాలి. మొట్టమొదట మౌంట్‌పాయింట్ అనే చిన్న కమాండుతో డిస్కు నిజంగా అతుక్కుని ఉందా అని అడగాలి. లేకపోతే అక్కడే ఆగి, విఫలమయ్యానని చెప్పాలి. ఉంటే, ముందుగా 'అసంపూర్ణం' లాంటి పేరున్న డైరెక్టరీలోకి ఆర్‌సింక్ చేయాలి. అది విజయవంతంగా ముగిశాకే ఆ డైరెక్టరీకి తేదీ, సమయం కలిపిన పేరు పెట్టాలి. మధ్యలో కరెంటు పోయినా సగం నకలు పూర్తి నకలు వేషం వేయకుండా ఉంటుంది. పేరులో సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు రావాలి. అప్పుడే జాబితాలో అవి వరుసగా నిలబడతాయి. సమయం కూడా ఎందుకంటే, సోమవారం పొద్దున ఆదివారపు బాకీ ఒకసారి, మధ్యాహ్నం ఆనాటి పని ఒకసారి నడుస్తాయి. తేదీ ఒక్కటే పెడితే రెండో నకలు మొదటి నకలు కడుపులోకి దూరుతుంది. చివరగా 'తాజా' అనే సింబాలిక్ లింకును (వేరే డైరెక్టరీకి దారి చూపే గుర్తును) కొత్త నకలు వైపు తిప్పాలి. రేపటి లింక్‌డెస్ట్‌కు అదే ఆధారం.

ఆ బాకీ సంగతికి వద్దాం. క్రాన్‌కు బదులు, ఉబుంటులో సేవలను నడిపే సిస్టమ్‌డీలోని టైమర్ పెట్టండి. ఈటీసీ కింద సిస్టమ్‌డీ, దాని కింద సిస్టమ్ డైరెక్టరీలో రెండు చిన్న ఫైళ్లు కావాలి. ఒకే పేరు, ఒకదాని చివర సర్వీస్, రెండోదాని చివర టైమర్. సర్వీస్ ఫైలులో రకం వన్‌షాట్ అని, నడపాల్సిన స్క్రిప్టు ఫలానా అని రాస్తారు. టైమర్ ఫైలులో ఆన్‌క్యాలెండర్ అన్న చోట రోజూ మధ్యాహ్నం 1:15 అని రాస్తారు. ఆ పక్కనే పర్సిస్టెంట్ అన్న దానికి ట్రూ అని రాయండి. ఈ ఒక్క మాటకోసమే మిమ్మల్ని ఇటు తిప్పాను. చివరిసారి ఎప్పుడు నడిచిందో టైమర్ డిస్కు మీద గుర్తుంచుకుంటుంది. ఆ వేళకు యంత్రం ఆగి ఉంటే, తర్వాత తెరిచినప్పుడు తప్పిపోయిన పనిని మొదలు పెడుతుంది. వేసవి సెలవులన్నీ మూసి ఉంచి జూన్‌లో తెరిచినా ఒక్కసారే నడుస్తుంది, తప్పిపోయిన రోజులన్నిటికీ కాదు.

మధ్యాహ్నం 1:15 అన్నది నా ఊహ. భోజన విరామం మీకు ఎప్పుడైతే అప్పుడు పెట్టండి. యంత్రం తప్పకుండా తెరిచి ఉండి, స్కానర్ ఆగి ఉండే వేళ కావాలి. సిస్టమ్‌సీటీఎల్‌తో టైమర్‌ను ఎనేబుల్ చేశాక, లిస్ట్ టైమర్స్ అని అడిగితే చివరిసారి ఎప్పుడు నడిచింది, మళ్లీ ఎప్పుడు నడుస్తుంది అని రెండు గడుల్లో చూపిస్తుంది. క్రాన్‌లో ఈ సుఖం లేదు.

అనాక్రాన్ అని ఇంకో పాత మార్గం కూడా ఉంది. స్క్రిప్టును ఈటీసీలోని క్రాన్ డైలీ డైరెక్టరీలో పడేస్తే, అనాక్రాన్ ఉన్న యంత్రంలో రోజుకు ఒకసారి, ఆలస్యంగానైనా నడుస్తుంది. ఆ దారిన వెళ్తే ఫైలు పేరులో చుక్క ఉండకూడదని గుర్తుంచుకోండి. బ్యాకప్ చుక్క ఎస్‌హెచ్ అని పేరు పెడితే డెబియన్, ఉబుంటులు దాన్ని చూసి కూడా చూడనట్టు పోతాయి. ఒక్క మాట అనవు.

క్రాన్‌నే అంటిపెట్టుకున్న ఇతర పాఠకుల కోసం రెండు మాటలు. నెలలో రోజు, వారంలో రోజు అన్న రెండు గడులనూ నింపితే, రెండూ కుదిరినప్పుడు కాక ఏ ఒక్కటి కుదిరినా పని నడుస్తుంది. నెల మొదటి ఆదివారం అనుకుని ఒకటి నుంచి ఏడు తేదీలు, ఆదివారం అని రాస్తే ఏడు తేదీల్లోనూ నడుస్తుంది, ప్రతి ఆదివారమూ నడుస్తుంది. అద్దె సర్వర్ వాడేవారు దాని గడియారం యూటీసీలో ఉందేమో చూసుకోండి. అక్కడి రాత్రి రెండు గంటలు మనకు ఉదయం ఏడున్నర.

కోహా గురించి మీరు అడగలేదు, కానీ నాకు ఎక్కువ దిగులు దాని గురించే. స్కాన్లు పోతే మళ్లీ చేసుకోవచ్చు, మూల ప్రతులు మీ బీరువాలో ఉన్నాయి. ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందన్న లెక్క పోతే తిరిగి రాబట్టే దారి లేదు. కోహా తన సమాచారాన్ని మరియాడీబీ డేటాబేస్‌లో దాస్తుంది. ఆ డేటాబేస్ నడుస్తుండగా దాని డైరెక్టరీని ఆర్‌సింక్‌తో కాపీ చేస్తే, ఒక ఫైలు పది గంటల నాటిది, ఇంకో ఫైలు పది దాటి రెండు నిమిషాల నాటిది వస్తాయి. తిరిగి పెట్టినప్పుడు అవి ఒకదానితో ఒకటి పొసగవు. డేటాబేస్‌ను దాని సొంత డంప్ కమాండుతోనే బయటికి రాయించాలి.

డెబియన్ ప్యాకేజీ ద్వారా కోహా వేసి ఉంటే ఈ పని ఇప్పటికే ఏర్పాటై ఉంటుంది. రోజూ ఒక డంప్ తీసి, వార్ కింద స్పూల్, దాని కింద కోహా డైరెక్టరీలో పెడుతుంది, రెండు రోజులవి ఉంచుతుంది. మీ ఆర్‌సింక్ స్క్రిప్టులో ఆ డైరెక్టరీని కూడా చేర్చండి. అయితే చేర్చే ముందు లోపలికి వెళ్లి ఫైళ్ల తేదీలు చూడండి. ఆ డంప్ కూడా క్రాన్ డైలీ నుంచే నడుస్తుంది. అనాక్రాన్ లేని యంత్రంలో క్రాన్ డైలీ సమయం ఉదయం 6:25. ఆ వేళకు మీ గది తాళం తీసి ఉండదు. కోహా పెట్టిన నాటి నుంచి ఒక్క డంప్ కూడా పడకపోయి ఉండవచ్చు. ఈ సమాధానం చదివాక మీరు మొదట చేయాల్సిన పని అదే. తేదీలు పాతవైతే అనాక్రాన్ వేయండి, లేదా కోహా రన్ బ్యాకప్స్ అనే కమాండును మన స్క్రిప్టులోనే ఆర్‌సింక్‌కు ముందు నడపండి. నేనైతే రెండోదే చేస్తాను. డంప్ తర్వాతే కాపీ జరుగుతుందన్న వరుస మన చేతిలో ఉంటుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను బాగా పట్టుకున్న మాట: 'తప్పు జరిగినట్టు ఎక్కడా సందేశం రాలేదు'. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచి పెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీని చెరిపేశారు. దాదాపు 300 జీబీ పోయింది. రోజువారీ డంప్ వెతికితే లేదు. డేటాబేస్ ఒక వెర్షన్, డంప్ తీసే ప్రోగ్రామ్ అంతకన్నా పాత వెర్షన్ కావడంతో అది రోజూ విఫలమవుతూనే ఉంది. విఫలమైనట్టు క్రాన్ ఈమెయిళ్లు పంపుతూనే ఉంది. వాటిని మెయిల్ సర్వర్ సరైన సంతకం లేదని తిప్పికొడుతూనే ఉంది. చివరికి ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికి గట్టెక్కారు. ఆ మధ్య కాలపు సమాచారం పోయింది. ఈ వివరాలన్నీ వారే దాచకుండా ప్రకటించారు. నిపుణుల బృందం ఉన్నచోటే అలా జరిగింది.

కాబట్టి తప్పు జరిగితే సందేశం పంపే ఏర్పాటును నమ్ముకోకండి. బాగా జరిగినప్పుడు కనిపించే గుర్తును పెట్టుకోండి. అది కనిపించకపోవడమే హెచ్చరిక. స్క్రిప్టు చివర, అన్నీ సజావుగా ముగిశాక మాత్రమే, డెస్క్‌టాప్ మీద ఒక చిన్న ఫైలు రాయించండి. అందులో తేదీ, ఎన్ని ఫైళ్లు, డిస్కులో ఎంత చోటు మిగిలింది, కోహా డంప్ పరిమాణం ఎంత అన్న నాలుగు వరుసలు చాలు. గ్రంథాలయాల్లో రిజిస్టర్లకు కొదవ ఉండదు. ఒకదానిలో ప్రతి సోమవారం ఆ నాలుగు సంఖ్యలు ఎక్కించి సంతకం చేయండి. డంప్ పరిమాణం వారం వారం కాస్త పెరుగుతూ ఉండాలి. ఉన్నట్టుండి కొన్ని కేబీలకు పడిపోతే లోపల డంప్ లేదు, తప్పు సందేశం ఉందని అర్థం. కంప్యూటర్ పరిజ్ఞానం లేని సహాయకురాలైనా ఈ తేడా పట్టుకోగలరు.

ఎన్ని రోజులవి ఉంచాలి? వ్యాపార సంస్థలు రోజువారీ నకళ్ల మీద పట్టుదలగా ఉంటాయి. మీకు నెలవారీవే ముఖ్యం. ఎవరో ఒక స్కాన్‌ను కత్తిరించి పాడుచేసినా, పొరపాటున చెరిపినా, ఆ సంగతి ఆ వారంలో తెలియదు. పరీక్షల కాలంలో ఒక విద్యార్థి వచ్చి పాత ప్రశ్నపత్రం అడిగినప్పుడు తెలుస్తుంది. రెండు వారాల రోజువారీ నకళ్లు, ఏడాది పాటు నెలకు ఒకటి ఉంచండి. పాతవి తీసేసే పని స్క్రిప్టుకే అప్పగించవచ్చు కానీ, ఫైండ్ కమాండుతో పద్నాలుగు రోజులు దాటినవి చెరిపేయమనే ప్రసిద్ధ వాక్యాన్ని ఇక్కడ వాడవద్దు. ఆర్‌సింక్ ఫైళ్ల సమయాలను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేస్తుంది, పై డైరెక్టరీ సమయంతో సహా. మూల డైరెక్టరీ పై అంతస్తులో రెండు నెలలుగా మార్పేమీ లేకపోతే, ఈ రోజు తీసిన నకలు కూడా రెండు నెలల పాతదిగా ఫైండ్‌కు కనిపిస్తుంది. అప్పుడు అది తాజా నకలునే తుడిచేస్తుంది. పేరులోని తేదీని చూసి మాత్రమే తీసేయాలి. అదీ ఆ రోజు నకలు విజయవంతమైతేనే. కొత్తది రాని రోజున పాతది చెరపకూడదు.

డిస్కు ఎప్పుడూ కంప్యూటర్‌కు గుచ్చే ఉంటుంది కనుక దొంగ, పిడుగు, రాన్సమ్‌వేర్ రెండింటినీ కలిపే తీసుకెళ్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ పరిసరాలు మునిగినప్పుడు, కింది అంతస్తులో ఉన్న యంత్రమూ దాని పక్కన బల్ల మీది డిస్కూ ఒకే నీటిలో ఉండేవి. ఇంకో డిస్కు కొనిపించి, వారానికొకసారి అదే స్క్రిప్టుతో దానిలోకీ తీసి, వేరే భవనంలో, వీలైతే పై అంతస్తులో దాచండి. కోహాలో విద్యార్థుల చిరునామాలు, ఫోను నంబర్లు ఉంటాయి. బయటికి వెళ్లే ఆ డిస్కును లక్స్ అనే లినక్స్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేయించండి. తాళపు మాట రాసిన కాగితం ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉండాలి. మీరు బదిలీ అయినా కళాశాలకు అది దక్కాలి కదా.

నెలకొకసారి ఏదో ఒక ఫైలు ఎంచుకుని నకలు నుంచి వేరే ఫోల్డరులోకి తెచ్చి తెరిచి చూడండి. పేజీలన్నీ ఉన్నాయా అన్నది కంటితో చూడాలి. కోహా డంప్‌ను ఏడాదికి ఒకటి రెండుసార్లు వేరే కంప్యూటర్‌లోని ఖాళీ కోహాలో ఎక్కించి, మీకు బాగా తెలిసిన ఒక విద్యార్థి ఖాతా తీసి చూడండి. సెలవుల్లో చేయదగ్గ పని ఇది.

టైమ్‌షిఫ్ట్ మంచి ప్రోగ్రామే, అయితే దాని పని వేరు. అప్‌డేట్ చెడిపోయి ఉబుంటు తెరుచుకోనప్పుడు సిస్టమ్‌ను పాత స్థితికి తేవడానికి అది పనికొస్తుంది. హోమ్ డైరెక్టరీలను అది మామూలుగా వదిలేస్తుంది. మీ స్కాన్లు ఉన్నది అక్కడే అయితే అన్నీ భద్రంగా ఉన్నాయన్న భ్రమ తప్ప ఏమీ మిగలదు. స్క్రిప్టులు రాయడం ఇష్టం లేకపోతే రెస్టిక్, బోర్గ్ అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఎన్‌క్రిప్షన్, పాతవి తీసేయడం అన్నీ వాటిలోనే ఉంటాయి. కానీ ఫైలు కావాలంటే ఆ ప్రోగ్రామ్ ద్వారానే తీయాలి. మీ తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలియని చోట, ఫైల్ మేనేజరులో నేరుగా తెరుచుకునే మామూలు డైరెక్టరీలే మేలని నేను అనుకుంటాను.

విక్రేత విషయం. డబ్బు కట్టి సేవ తీసుకోవడంలో తప్పు లేదు, చూసుకునే మనిషి లేనిచోట అదే మంచిది కూడా. సంతకం పెట్టే ముందు రెండు సంగతులు రాతపూర్వకంగా అడగండి. మీరు ఎంచిన ఒక ఫైలును, మీరు చెప్పిన తేదీ నాటిదిగా, మీ ఎదుటే తిరిగి తెచ్చి చూపిస్తారా? ఒప్పందం ముగిశాక నకళ్లన్నీ ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో మీ చేతికి ఇస్తారు? మొదటిదానికి 'ఇప్పుడు కుదరదు, తర్వాత చూద్దాం' అంటే ఆ ధరల పట్టిక తిరిగి ఇచ్చేయండి.